మూత తీయని ఇరవై ఒక్క దినాలు

ఆయన పోయాడన్న కబురు నాకు మొదట చెప్పింది మా కంపెనీ బస్సు డ్రైవరు యాదగిరి. పొద్దున ఏడు కాకముందే ఇంద్రేశం మలుపులో బస్సు ఆపి, తలుపు తెరవకుండా కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"అక్కా, మీ తేనెటీగలన్న పోయిండు. నిన్న సెకండ్ షిఫ్టు దిగి ఇంటికొచ్చి, బూట్లు విప్పుకుంట కూసున్నోడు కూసున్నట్టే పోయిండట."

నా చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. బస్సులోని ఆడవాళ్ళందరూ నా ముఖం వైపే చూస్తున్నారు. నేను ఏడుస్తాననుకున్నారు. నాకు ఏడుపు రాలేదు. "నువ్వు పో తమ్మీ, నేను ఇయ్యాల రాను" అని మాత్రం అన్నాను. బస్సు దుమ్ము లేపుకుంటూ కాజీపల్లి వైపు పోయింది. నేను డబ్బా పట్టుకొని అక్కడే నిలబడ్డాను. ఆయన ముఖం గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు. ఆయన అంగీ గుర్తొచ్చింది.

ఆ అంగీ ఒకప్పుడు నీలం రంగుదట. నేను చూసేనాటికే బూడిద రంగుకు తిరిగింది. ఆయన పొలంలో తేనెటీగల పెట్టెల పక్కన వేపచెట్టుకు కొట్టిన మేకుకు ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. ఆయన కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. షిఫ్టు దిగి వస్తే నేరుగా పెట్టెల దగ్గరికి వెళ్ళేవాడు కాదు. బోరు దగ్గర గొంతుక్కూర్చొని, కుంకుడు రసంతో తల, చేతులు, గోళ్ళ సందులు కూడా రుద్దుకొని, ఆ అంగీ తొడుక్కొని, అప్పుడు మూత తీసేవాడు. ఆ అంగీకి సబ్బు తగలనిచ్చేవాడు కాదు. వట్టి నీళ్ళలో జాడించి ఆరేయడమే.

"కంపెనీ వాసన నాకు జీతమిస్తది, నేను మోస్త. ఈగలకేమిస్తదని అవి మొయ్యాలె?" అనేవాడు.

ఆయనకు ఎకరం పావు ఉండేది. మా ఇరవై ఐదు గుంటలకు, ఆయన ఎకరం పావుకు నడుమ ఒక వెంచరు పడింది. తెల్ల రాళ్ళు పాతి, రోడ్లు గీసి, ఇళ్ళు మాత్రం ఇంకా కట్టని వెంచరు. ఆ రాళ్ళ మధ్యలోంచే మేం ఒకరి పొలానికి ఒకరం వెళ్ళేవాళ్ళం. నేనూ కాజీపల్లి వైపే ఇంకో కంపెనీలో మాత్రల ప్యాకింగు పనికి పోతాను. నాది జనరల్ షిఫ్టు. ఆయనది వారానికో తీరు. ఆయన రాత్రి షిఫ్టు వారాల్లో మా బస్సు పోతుంటే ఆయన బస్సు వచ్చేది. మలుపు దగ్గర రెండు బస్సులూ నెమ్మదించేవి. ఆ కాసేపట్లోనే ఆయన కిటికీలోంచి అరిచి చెప్పాల్సింది చెప్పేసేవాడు.

"చెల్లే! మునగ పూసింది, సూసినవా?"

"కొత్తిమీర మొత్తం పీకకు, రెండు మడులు పూతకిడువు!"

"సోరపాదుకు మందు కొడితే పొద్దుమీకినాంక కొట్టు, పొద్దుగాల కొట్టకు!"

మా బస్సులో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. "మీ అన్న ఫోను కొనుక్కోడా అక్కా?" అని ఏడిపించేవాళ్ళు. ఆయన దగ్గర ఫోనుంది. కానీ ఈగల ముచ్చట నోటితోనే చెప్పాలన్నది ఆయన పట్టుదల.

ఈగల గురించి ఆయన కంపెనీ భాషలోనే మాట్లాడేవాడు. పువ్వులకు పోయే ఈగలు 'ఏ' షిఫ్టు, లోపల పిల్లలను సాకేవి 'బీ' షిఫ్టు, గడప దగ్గర కావలి కాసేవి సెక్యూరిటీ. పని చేయని పోతుటీగలను చూపించి, "గీళ్ళు సూపర్వైజర్ సార్లు. తినుడు, తిరుగుడు. వానకాలం గిట్ట తిండి తక్కువైతే అందరికన్నా ముందు గేటు బయట పడేది గీళ్ళే" అనేవాడు. రాణి ఈగ దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గేది. "పాపం, ఆమెకు వీక్లీ ఆఫ్ కూడ లేదు" అనేవాడు.

నాకు ఈగలను ఇచ్చింది ఆయనే. ఆ వెంచరులో మురుగు కాలువ కోసం తెచ్చి పడేసిన సిమెంటు పైపులో ఒక తేనెపట్టు పట్టింది. పనివాళ్ళు గుడ్డలకు కిరోసిన్ తడిపి కాల్చబోతుంటే నేను అడ్డుపడ్డాను. అప్పటికి ఆయన నాకు ముఖ పరిచయమే. మా ఆయన పరుగెత్తి పోయి పిలుచుకొచ్చాడు. షిఫ్టు దిగి వచ్చిన మనిషి అన్నం కూడా తినకుండా, బోరు దగ్గర తన స్నానం తాను చేసి, పాలపొడి డబ్బాతో చేసుకున్న పొగడబ్బా పట్టుకొని వచ్చాడు. పైపులో నుంచి మైనపు పట్లు ఒక్కొక్కటిగా కోసి, నా అరచేతుల్లో పెట్టాడు. అరటి నారతో వాటిని చెక్క ఫ్రేములకు కట్టాడు. ఈగలు నా మోచేతుల దాకా పాకాయి. నేను లోలోపల ఒక కీర్తన పాడుకుంటూ కదలకుండా నిలబడ్డాను.

పని అయ్యాక ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "భయపడలే నువ్వు. మా ఇంటామె ఇన్నేండ్లయినా పెట్టె దిక్కు రాదు. ఇది నీకే ఉండనీ" అన్నాడు. పెట్టె కూడా ఆయనదే. వద్దంటే వినలేదు.

దేవుడు నాకు ఇచ్చిన వాటిని నేను మరిచిపోను. ఆ పెట్టె వచ్చిన ఏడాది మా సొరపాదులకు కాసిన కాయ అంతకు ముందు ఎప్పుడూ కాయలేదు. నాకొక ఆశ పుట్టింది. ఈ పెట్టె రెండు కావాలి, రెండు నాలుగు కావాలి, ఆరు పెట్టెలైన రోజున ప్యాకింగు పని మానేసి నా ఇరవై ఐదు గుంటల్లోనే ఉండాలి. ఇది ఎవరికీ చెప్పలేదు, ఒక్క దేవునికి, ఆయనకు తప్ప.

"ఆరు అయితయి. ఈ పట్టు మంచిది. దీని తల్లి మంచిది" అన్నాడు ఆయన.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు కాలికి జబ్బు చేస్తే, ఊరి క్రైస్తవ సంఘంలో వాక్యం చెప్పే ఉపదేశిగా ఉన్న మా నాయన ఇంట్లోనే పలక పెట్టి నేర్పాడు. కీర్తనల పుస్తకంలో వేలు పెట్టి చదవడం నేర్చుకున్నాను. ఒక్క మనిషి నోటి నుంచే చదువంతా వచ్చింది కాబట్టి, నేర్పినవాళ్ళ మాటంటే నాకు గురి ఎక్కువ. ఈ ఒక్క సంగతి అర్థమైతే, తర్వాత నేను చేసిన పిచ్చిపని కూడా మీకు అర్థమవుతుంది.

ఆయన నేర్పిన వాటిలో నాకు బాగా నచ్చింది చెవి పెట్టడం. పెట్టె పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, చెక్కకు చెవి ఆనించి, వేలి కణుపుతో ఒక్కసారి కొట్టాలి. లోపల ఈగలన్నీ ఒక్క పెట్టున 'హుమ్' అని వెంటనే ఆగిపోతే రాణి క్షేమం. ఆగకుండా, మూలుగులా సన్నగా సాగుతుంటే రాణి లేదని గుర్తు. ఆయన పెట్టెల్లో ఒక దానికి రాణి పోయినప్పుడు నన్ను పిలిచి మరీ వినిపించాడు.

"విన్నవా? తల్లి లేని ఇల్లు. ఈగ మనకు అబద్ధం చెప్పదు చెల్లే. మనమే చెవి పెట్టం."

ఇంకొకటి కూడా చెప్పాలి. మొదటి ఏడాది నేను ఫ్రేము దించుతూ తొందరపడి రాణిని పెట్టె గోడకు ఒరిపించాను. ఆమె ఎడమ రెక్క కొన, గోటితో గిల్లినట్టు చినిగిపోయింది. నేను పొలంలోనే కూర్చొని ఏడ్చాను. ఆయన పగలబడి నవ్వాడు.

"ఏడువకు చెల్లే. గుడ్లు పెట్టేది రెక్కతోని కాదు. ఇగ ఎగిరి యాడికీ పోలేదు, నీకే ఉంటది."

మా ఇద్దరికీ కుదరనిది ఒక్క ఆదివారమే. పెట్టెలు తెరవాల్సింది మంచి ఎండలో. నాకు ఎండపూట ఇంటి దగ్గర ఉండేది ఆదివారం ఒక్కరోజే, ఆ పూట ఆరాధన. ఆయనకూ ఆదివారమే తీరిక. ఒకసారి ఆయనే అన్నాడు: "నువ్వు మీ గుడికి పో. నీ పెట్టె నేను సూస్త. నాకోసం కూడ ఒక మాట చెప్పు మీ దేవునికి." అట్లా మూడేళ్ళు ఆదివారం పూట నా పెట్టెను ఆయనే తెరిచి చూసేవాడు. నేను తిరిగి వచ్చేసరికి మా వేపచెట్టు కింద కూర్చొని, అగ్గిపుల్ల చెవిలో పెట్టుకొని తిప్పుకుంటూ, ఏ ఫ్రేములో ఏముందో పూస గుచ్చినట్టు చెప్పేవాడు. నేను ఇంటి నుంచి తెచ్చిన అన్నం తిని వెళ్ళేవాడు. ప్రతి ఆదివారం నేను ఆయన పేరు పెట్టి ప్రార్థన చేశాను. ఇది గొప్ప కోసం రాయడం లేదు. జరిగింది కాబట్టి రాస్తున్నాను.

ఐదేళ్ళ కిందట, ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే శ్రమకాలంలో ఒక ఆదివారం. పెట్టె ఎప్పుడూ లేనంత బలంగా ఉంది. వేపపూత మొదలు కాబోతోంది, వచ్చే వారం దాన్ని రెండు చేద్దామని ఆయనే అన్నాడు. ఆ సంతోషం పట్టలేక, ఆ రోజు గుడిలో సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడ్డాను. నేను అంతకు ముందు ఎప్పుడూ పదిమందిలో మాట్లాడలేదు. తేనెటీగల గురించి, పరాయి మతం వాడైనా సొంత అన్నకన్నా ఎక్కువగా చూసుకుంటున్న ఒక మనిషి గురించి చెప్పి, దేవునికి స్తోత్రం చెల్లించాను. కొందరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి ఆయన వేపచెట్టు కింద లేడు. వెంచరు రాళ్ళ దగ్గర, సైకిలు మీద ఒక కాలు వేసి నిలబడి ఉన్నాడు. కేరియరుకు గోనెసంచి కప్పిన పెట్టె ఒకటి కట్టి ఉంది. "నాదే, ఖాళీ పెట్టె. రిపేరుకు" అన్నాడు. నేను అడగలేదు కూడా.

"అన్నం తిని పో అన్నా."

"ఇయ్యాల వద్దు. చెల్లే, నీ పెట్టెల ఫ్రేములు మార్చిన. రాణిని కొత్త ఫ్రేముల మీద పెట్టిన. కదిలిస్తే మొత్తం పట్టే లేచిపోతది. ఇరవై ఒక్క దినం మూత తియ్యకు. నేను కూడ తియ్య."

"ఇరవై ఒక్క దినమా?"

"లెక్క పెట్టుకో."

నేను క్యాలెండరు మీద గీతలు పెట్టుకున్నాను. అవి ఎట్లాగూ ఉపవాస దినాలే. ఈ మూత తీయకపోవడం కూడా ఒక ఉపవాసంలాగే అనుకున్నాను. రోజూ బస్సుకు ముందు పెట్టె దగ్గరికి పోయి, మూత మీద చేయి పెట్టి, లోపలి తల్లి కోసం దేవునికి వందనాలు చెప్పేదాన్ని.

పదో రోజో పదకొండో రోజో చెవి ఆనించి కొట్టాను. 'హుమ్' అన్నాయి. ఆగలేదు. సన్నగా సాగింది. ఇంకోసారి కొట్టాను. అదే మూలుగు.

నేను లేచి నిలబడ్డాను. నా చెవి తప్పు అనుకున్నాను. గడప దగ్గర చూస్తే ఈగలు కాళ్ళకు పుప్పొడి లేకుండా ఉత్తగా వస్తున్నాయి. పసిపిల్లలు లేని ఇంటికి పుప్పొడి ఎందుకని ఆయనే ఒకసారి చెప్పాడు. అదీ గుర్తొచ్చింది. అయినా మూత తీయలేదు. వినడం నేర్పింది ఆయనే, తెరవొద్దన్నదీ ఆయనే. ఆ రెండింటిలో నేను రెండోదాన్ని నమ్మాను. మా ఆయన చూసి, "ఒక్కసారి తీసి సూడరాదు, దేవుడు ఏమన్న కేసు పెడతడా?" అన్నాడు. "దేవుడు కాదు, అన్న వద్దన్నడు" అన్నాను.

ఆ వారాల్లో మలుపు దగ్గర రెండు బస్సులు ఎదురైనప్పుడు ఆయన కిటికీ పక్కన కనిపించలేదు. అవతలి వరుసలో కూర్చున్నాడని తర్వాత తెలిసింది.

గీతలు పూర్తయిన రోజు శనివారం. పని నుంచి వచ్చి, ఎండ పోకముందే మూత తీశాను. గుప్పెడు ఈగలు ఉన్నాయి. రాణి లేదు. ఒక్కో అరలో రెండు మూడు గుడ్లు చిందరవందరగా పడి ఉన్నాయి. రాణి లేనప్పుడు పని ఈగలే పెట్టే గుడ్లు అవి. వాటిలోంచి పోతుటీగలు తప్ప ఇంకేం పుట్టవు. రెండు పట్ల నిండా మైనం పురుగు సాలెగూడులా అల్లింది. అప్పటికి కూడా నాకు అనుమానం రాలేదు. రాణి చచ్చిపోయింది, అన్నకు చెప్పాలి, పాపం ఎంత బాధపడతాడో అనుకున్నాను.

మర్నాడు ఆరాధన కాగానే గుడి చీరతోనే ఆయన పొలానికి వెళ్ళాను. అక్కడ జనం ఉన్నారు. ఏదో ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళు ముగ్గురు, పది మంది రైతులు. తేనెటీగల పెంపకం నేర్పడానికి ఆయనను పెట్టుకోవాలని, ముందు ఆయన పెట్టెలు చూడాలని వచ్చారట. ఆయన ఆ బూడిదరంగు అంగీ తొడుక్కొని, ఒక ఫ్రేమును రెండు చేతులతో ఎండకు ఎత్తి పట్టుకొని ఉన్నాడు. ఫ్రేము నిండా ఈగలు మెత్తగా కదులుతున్నాయి.

"అదిగో సూడు మేడం, నా వేలి కింద. రాణి."

నేను అందరి వెనక నుంచి చూశాను. పొడుగాటి ఒళ్ళు. ఎడమ రెక్క కొన, గోటితో గిల్లినట్టు.

"ఇంత నెమ్మదైన ఈగలను నేను ఎక్కడా చూడలేదండీ. ఎక్కడి నుంచి తెచ్చారు?" అని అడిగింది ఆ మేడం.

"తెచ్చుడేంది మేడం. మా పొలంల పుట్టి పెరిగిందే" అన్నాడు. అని తల ఎత్తాడు. నన్ను చూశాడు. ఆయన చేతుల్లో ఫ్రేము కొంచెం కూడా వణకలేదు. ఆ విషయం నేను ఇప్పటికీ మరిచిపోలేను.

మేడం నా వైపు తిరిగి, "మీరు కూడా పెంచుతారా అమ్మా?" అంది.

"పెంచుతనమ్మా. అన్న దగ్గరే నేర్చుకున్న" అన్నాను.

అందరూ వెళ్ళిపోయేదాకా బోరు గట్టు మీద కూర్చున్నాను. ఇంట్లోంచి ఆయన భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చి, నా ముఖం చూసి ఏమీ అడగకుండా గుమ్మం దగ్గర నిలబడిపోయింది. ఆమె నన్ను, నేను ఆమెను, ఇద్దరం 'వదినె' అనే పిలుచుకునేవాళ్ళం.

ఆయన వచ్చి, "తిన్నవా చెల్లే?" అన్నాడు.

"రెక్క సూసిన అన్నా."

ఆయన అంగీ విప్పి, మేకుకు తగిలించి, దాని ముడతలు సరిచేశాడు. చాలాసేపు సరిచేశాడు.

"నెలంతా ఓటీలు చేసిన. డబల్ డ్యూటీలు. నా పెట్టెలు సూసుకోలే. మూతలు తీసేసరికి నాలుగిట్ల నాలుగు పురుగు పట్టినయి. వీళ్ళు సూసేటందుకొస్తమన్నరు. ఈ పని దొరికితే బాయిలరు కాడ నిలబడుడు బంద్ అయితది. వొచ్చినోళ్ళకు నేనేం చూపియ్యాలె? ఖాళీ డబ్బలు చూపియ్యాలెనా?"

"అడిగితే ఇచ్చేదాన్ని కదన్నా."

"ఇస్తవని తెలుసు."

"మరెందుకు అడగలే?"

"అడిగి తెస్తే అది నీ పెట్టె అయితది. నాది చూపియ్యాలె గద."

"గుడ్లున్న ఫ్రేములన్నీ ఎందుకు తీస్కపోయినవ్? ఒక్క గుడ్డు ఇడిసిపెట్టినా అవే ఇంకో రాణిని చేసుకునేటివి. నువ్వే నేర్పినవు గద."

"బలమైన పట్టు కావాలె. గుడ్లు లేంది బలమెక్కడిది?"

"ఇరవై ఒక్క దినం ఎందుకు తెరవొద్దన్నవ్?"

"తెరిస్తే నీకు తెలుస్తది గద" అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. తర్వాత కొంచెం కోపం తెచ్చుకొని, "ఏంది చెల్లే, పైపులకెళ్ళి తీసింది నేను. పెట్టెల పెట్టి నీ చేతికిచ్చింది నేను. ఇచ్చినోడే తీస్కుంటడని మీ ప్రార్థనలల్ల మీరే అనుకుంటరు గద" అన్నాడు.

"నువ్వు దేవుడివి కాదన్నా" అన్నాను. చెప్పులు వేసుకొని వచ్చేశాను. వెంచరు రాళ్ళ మధ్య నడుస్తుంటే ఒక లెక్క తట్టింది. ఆయన ఆ రాణిని వేళ్ళ మధ్య పట్టి తీసిన సమయానికి నేను గుడిలో నిలబడి ఆయన గురించి సాక్ష్యం చెబుతున్నాను. అప్పుడు ఏడుపొచ్చింది.

నా బాధ ఈగల కోసమే అయితే కొన్నాళ్ళకు తగ్గేది. ఆయన నాలోని వినే చెవిని తీసుకెళ్ళాడు. ఆ మూలుగు విన్న నేను, విన్నది నిజం కాదని నాకు నేను చెప్పుకున్నాను. విన్నాక కూడా ఇంకో పది రోజులు ఒక ఖాళీ ఇంటి మీద చేయి పెట్టి వందనాలు చెప్పాను. ఆ తర్వాత చాలా ఆదివారాలు, పరలోక ప్రార్థనలో, మేం క్షమించినట్టు మమ్మల్ని క్షమించమనే చోట నా గొంతు ఆగిపోయేది. పక్కన కూర్చున్నవాళ్ళు దగ్గు అనుకునేవాళ్ళు.

ఆ గొడవ జరిగిన నాలుగో రోజు పొద్దున్నే, నేను బస్సుకు తయారవుతుంటే ఎవరో వాకిట్లో పిలిచారు. వదినె. పెట్టె దిక్కు కూడా రాని మనిషి. కొంగు తల మీదుగా చెవులకు చుట్టుకొని, చంకలో తడిగుడ్డ చుట్టిన ఫ్రేము ఒకటి పట్టుకొని నిలబడి ఉంది. కుడి కనుబొమ్మ ఉబ్బి కన్ను మూసుకుపోయింది. మెడ మీద ఇంకో రెండు చోట్ల కుట్టాయి.

"వదినె, శెనక్కాయ ఉన్నది సూసి తెచ్చిన. ఆయన వచ్చినోళ్ళందరికి చెప్తుంటె విన్న. రాణి పుట్టే అర శెనక్కాయ లెక్క కింద ఏలాడుతది అన్నడు. ఇదేనా? సూడు."

గుడ్డ విప్పి చూశాను. ఫ్రేము అంచుకు వేరుశనగ కాయలాంటి గూడు ఒకటి వేలాడుతోంది. దాని చుట్టూ పిల్లలు, వాటిని కప్పుకొని ఈగలు. నా పట్టే.

"ఇదే వదినె. ఎట్ల తీసినవ్?"

"ఎట్ల తీసిన్నో నాకే తెల్వదు. ఆయన అంగీ తొడుక్కొని తీసిన. కుట్టినయి. కుట్టనీ. మొన్న మీరు మాట్లాడింది గుమ్మం కాడ నిలబడి మొత్తం విన్న." కొంగు ముందుకు లాక్కుంది. "ఆయన ఉన్నన్ని దినాలు ఈ ముచ్చట చెప్పకు. పదిమందిల ఆయన తల దించుకుంటే నేను సూడలేను."

నేను ఆమెకు కుట్టిన చోట ముల్లు గోటితో గీకి తీశాను. చాయ్ తాగమంటే, ఆయన డ్యూటీ నుంచి వచ్చే యాళ్ళ అయిందని గబగబా వెళ్ళిపోయింది. ఆ రోజు నాకు బస్సు తప్పిపోయింది.

పురుగు పట్టిన పట్లు కాల్చేసి, పెట్టె కడిగి ఎండబెట్టి, ఆ ఫ్రేమును అందులో పెట్టాను. శెనక్కాయ పగిలింది. వానలు పడేలోపు ఒకరోజు చెవి ఆనించి కొడితే, 'హుమ్' అని ఠక్కున ఆగింది. ఈసారి నా చెవిని నమ్మాను.

ఆ సంగతి ఆయన చెవినా పడింది. ఒక సాయంత్రం వచ్చి, అడగకుండానే పెట్టె పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, కొట్టి విన్నాడు. చాలాసేపు చెవి తీయలేదు.

"రాణి ఎట్లొచ్చింది చెల్లే?"

"వచ్చిందన్నా."

"నీ ప్రార్థన గట్టిది" అన్నాడు. మూతను తాకి కళ్ళకద్దుకొని లేచాడు. క్షమించమని మాత్రం అనలేదు. అప్పుడూ అనలేదు, తర్వాతా అనలేదు. భార్య ముఖం వాచిన వారం ఆయన పగలంతా ఇంట్లోనే ఉన్నాడు. ఈగ కాటు ఏదో, దోమ కాటు ఏదో తెలియని మనిషి కాదు. ఆయన తెలిసి అడిగాడో, తెలియక అడిగాడో నేను తేల్చుకోలేకపోయాను.

ఆ తర్వాత ఆయన కొన్నాళ్ళు ఆదివారాల్లో పెంపకం నేర్పడానికి వెళ్ళాడు. బాయిలరు డ్యూటీ మాత్రం మానలేదు. ఎక్కడికి పోయినా, "మా చెల్లె ఒకామె ఉంది, ప్రార్థన చేస్తే రాణి పుట్టింది" అని చెప్పేవాడట. ఆ మాట తిరిగి తిరిగి మా గుడికి కూడా చేరింది. సాక్ష్యం చెప్పమని పాస్టరు గారు రెండుసార్లు అడిగారు. నేను లేవలేదు. నిజం చెబితే వదినెకు ఇచ్చిన మాట పోతుంది, దాచి చెబితే సాక్ష్యమే కాదు. కృతజ్ఞతను ఐదేళ్ళు నోట్లో పెట్టుకొని ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు.

మలుపు దగ్గర బస్సులు ఎదురైతే, కొన్ని నెలల తర్వాత ఆయన మళ్ళీ కిటికీ పక్కకు వచ్చాడు. మునగ పూసిందని అరిచేవాడు. నేను చెయ్యెత్తేదాన్ని. వెనక్కి ఏమీ అరవలేదు.

ఆయన పోయిన కబురు విన్న ఆ పొద్దున, డబ్బా ఇంట్లో పెట్టేసి వెంచరు రాళ్ళ మధ్య నుంచి వాళ్ళింటికి నడిచాను. ఆయనను వాకిట్లో పడుకోబెట్టారు. పాదాల దగ్గర కూర్చున్నాను. ఆయన గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఆయన నేర్పినవన్నీ ఒక్కొక్కటిగా తలచుకొని, ఒక్కొక్క దానికీ వందనం చెప్పాను. చేసిన దానికి కూడా ఏదో ఒకటి చెప్పాలని చూశాను. మాట రాలేదు. రాలేదనే రాస్తున్నాను.

వదినె నన్ను చూసి ఏడుపు ఆపింది. దగ్గరికి లాక్కొని, నా చెవిలో, "ఇగ చెప్పుకో వదినె" అంది.

అందుకే ఇది రాశాను. గుడిలో చెప్పలేని నా సాక్ష్యం ఇదే. ఇప్పుడు నాకు నాలుగు పెట్టెలు ఉన్నాయి. ఆరు కాలేదు, ప్యాకింగు పని మానలేదు. నాలుగూ ఆ తడిగుడ్డలో వచ్చిన శెనక్కాయ సంతానమే. ఆయన పేరు నేను రాయలేదు. ఆయన తల దించుకుంటే చూడలేనని ఆమె అన్నది కాబట్టి రాయను. మీరు ప్రార్థన చేసేవాళ్ళయితే ప్రార్థనలో, చేయనివాళ్ళయితే ఊరికే మనసులో, ఒక్క మనిషిని మాత్రం తలచుకోండి. ఈగలంటే ప్రాణభయం ఉండి కూడా భర్త అంగీ తొడుక్కొని ఆ పెట్టె మూత తీసిన మనిషి. ఆమె పేరు బాలమణి.